కింది అవ్వ హోం డెలివరీ

పసుపు ఉడకబెట్టే కాలం. పొద్దున్నే మోర్తాడ్ నుంచి ఫోన్ వచ్చింది. కింది అవ్వ కూతురు చేసింది.

"వదినా, అవ్వ పోయింది" అన్నది.

"ఎటు పోయింది?" అని అడిగాను. నిజంగానే అడిగాను. మా కింది అవ్వ కాలు ఒకచోట నిలిచే రకం కాదు. సంతకు పోయింది, చుట్టాలింటికి పోయింది, ఎవరికో సంబంధం చూడ్డానికి పోయింది అని వినడమే మాకు అలవాటు. నా ప్రశ్నకు అవతల ఆమె ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వింది. "ఇగ అందరు పొయ్యే కాడికే పోయింది వదినా" అన్నది. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు.

నిద్రలోనే పోయిందట. పసుపు పనులకని పుట్టిన ఊరికి పోయి, ముందురోజు సాయంత్రం దాకా తమ్ముడి పసుపు కళ్లంలో కూర్చుంది. ఉడికిన కొమ్ముకు పుల్ల గుచ్చి చూసి, "ఇంకో పొంగు రానియ్యుండ్రి" అని అందరి మీదా పెత్తనం చేసింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని పడుకుంది. తెల్లారి లేవలేదు. దేన్నయినా నాలుగుసార్లు కడిగితే తప్ప ఒప్పుకోని మనిషి, చావును మాత్రం ఒక్కసారికే తేల్చేసింది.

ఆమె గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలని కూర్చున్నాను. ఏడిపించడానికి కాదు. ఎవరైనా ఏడిస్తే ఆమెకు గిట్టేది కాదు. "కండ్లల్లకెళ్లి నీళ్లెందుకే, నల్లా వస్తలేదా?" అనేది. అందుకని మీరు కూడా కాస్త నవ్వుతూనే చదవండి.

కింది అవ్వ అన్నది మేం పెట్టుకున్న పిలుపు. నిజామాబాద్‌లో బోధన్ రోడ్డుకు లోపలి గల్లీలో ఆమె ఇల్లు. కింద ఆమె ఒక్కతే ఉండేది, పైన అద్దెకు మేము. మా వైపు కన్నతల్లినీ అవ్వా అనే పిలుస్తాం. ఇంట్లో ఇద్దరవ్వల మాట వస్తే ఎవరి సంగతో తెలియక, ఒకామె కోటగిరి అవ్వ అయింది, ఒకామె కింది అవ్వ అయింది. మీకు తికమక లేకుండా ఇక్కడ కన్నతల్లిని అమ్మ అంటాను.

అవ్వ పుట్టింది మోర్తాడ్ పసుపు చేలల్లో. నేను పుట్టింది కోటగిరి పక్కన కాలువ కింద చెరుకు తోటల్లో. మా బాపు చెరుకు బండ్లు బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి తోలిన మనిషి. ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజే అవ్వ నా ఊరు అడిగి, "ఓహో, సక్కెర బిడ్డవా!" అన్నది. ఇక అదే నా పేరు. ఆ రోజు నుంచి మా ఇంటి మెట్ల మీద పసుపుకూ చక్కెరకూ పంచాయితీ నడుస్తూనే ఉండేది.

"మీ సక్కెరకు నీళ్లు తగిల్తె పాయె. మా పసుపుకు నీళ్లు తగిల్తెనే ఇలువ" అనేది.

"అయితే పసుపేసుకొని చాయ్ తాగు అవ్వా" అనేదాన్ని.

ఆమె కాసేపు ఆలోచించి, "నీకు నోరెక్కువే" అని గ్లాసు ముందుకు చాపేది. ఆమె చాయ్‌లో మూడు చెంచాల చక్కెర పడాలి.

మహమ్మారి వచ్చిన ఎండాకాలం నాకు ఐదో నెల. అంతకు ముందు ఒక కడుపు నిలవలేదు. ఆ సంగతి అవ్వకు తెలుసు. నేను మెట్లు దిగుతుంటే తను ఊపిరి బిగబట్టుకుని చూసేది. అసలే నాకు దడ, దానికి ఈ రోగం తోడైంది. గల్లీకి రెండు వైపులా కట్టెలు అడ్డం కట్టారు. మా ఆయన సబ్‌స్టేషన్‌లో పని చేస్తాడు కాబట్టి పాసు పట్టుకుని డ్యూటీకి పోయేవాడు. తిరిగి రాగానే అవ్వ అతన్ని వాకిట్లో నల్లా దగ్గరే ఆపేది. అక్కడ స్నానం చేసి, బట్టలు నానేసి, లుంగీ మీద పైకి రావాలి. ఎదురింటి కిటికీల్లో జనం ఉన్నారని అతను సిగ్గుపడితే, "కరెంటోనివి, నీకు సిగ్గేందిరా కొడుకా, తీగలోలె నిలబడు" అనేది.

సరుకులు అయిపోవచ్చాయి. గల్లీ మొదట్లో ఉన్న కిరాణా దుకాణం ఇంటికే పంపుతుందని ఎవరో చెప్పారు. మా ఆయన మెట్ల మీద నిలబడి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి అడుగుతున్నాడు.

"అన్నా, హోం డెలివరీ జేస్తున్నరా? మాకు హోం డెలివరీనే కావాలె. మా ఆమెకు ఐదో నెల, బయటికి తీసుకపోలేను."

కింద వాకిలి ఊడుస్తున్న అవ్వ చేతిలో చీపురు ఆగిపోయింది. మరుక్షణం చీపురుతో సహా మెట్లెక్కి వచ్చింది. అంత జోరుగా ఆమె మెట్లెక్కడం నేనెన్నడూ చూడలేదు.

"ఏమ్రా, బుద్ధున్నదా నీకు? ఐదో నెలల డెలివరీ ఏందిరా! అది గూడ ఇంట్లనా! దవాఖానలన్ని బందయినయా?"

ఫోన్‌లో దుకాణదారు ఏమీ అర్థం కాక, "అవ్వా, ఫికర్ చెయ్యకు, అన్నీ ఇంటికే పంపుతం" అన్నాడు.

"ఎవడ్రా వీడు? మంత్రసానేంది, మొగోడున్నడు!"

"అవ్వా, బియ్యం, పప్పు, నూనె, ఏం గావాలన్నా..."

"కాన్పుకు పప్పెందుకురా సచ్చినోడా!"

మా ఆయన నవ్వాపుకోలేక మెట్టు మీద కూలబడ్డాడు. నేను గోడ పట్టుకుని కడుపు అదిమి పట్టుకున్నాను. నవ్వితే ఏమవుతుందోనని భయం, నవ్వకపోతే ఆగదు. చాలా వారాల తర్వాత నేను అంతగా నవ్వింది ఆ రోజే. విషయం తెలిశాక కూడా అవ్వ తప్పు ఒప్పుకోలేదు.

"సరుకులు మోసుకొస్తె మోసుకొచ్చుడు అనాలె. డెలివరీ అంటె ఆడిదాని పాణం మీదికొచ్చే ముచ్చట. ఆ మాట గిట్ల ఉప్పుకు, పప్పుకు వాడుతరా ఎవరన్న?"

ఆ మాట నాకు ఇప్పటికీ సరైనదే అనిపిస్తుంది. అవ్వ కాసేపు చీపురు నేలకేసి కొట్టుకుంటూ నిలబడింది. తర్వాత తీర్పు చెప్పింది. "సరే, అది డెలివరీయే అనుకో. అయితే మంత్రసానిని నేనే. లోపట పసిగుడ్డున్నది. ఈ ఇంట్లకు ఏదొచ్చినా నా చేతుల మీదికెళ్లే పైకి పోవాలె."

అలా మా ఇంటి ముందు చెక్‌పోస్ట్ వెలిసింది.

ఆ రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. పాల ప్యాకెట్ పట్టుకోవాలంటే భయం, సంచి ముడి విప్పాలంటే భయం. ఫోన్ నిండా వీడియోలు, ఒకడు కడగమంటాడు, ఒకడు కడగొద్దంటాడు. మా ఆయన ఒకరోజు న్యూస్ పేపర్‌ను ఇస్త్రీ చేస్తూ దొరికిపోయాడు. రోగం చస్తుందని ఎవరో చెప్పారట. అవ్వ చూసి, "మడత మంచిగ వచ్చింది, ఇగ అంగీలు గూడ ఇయ్యాల్నా?" అంది.

ఆమె పద్ధతి ఆమెది. గేటు లోపల బట్టలుతికే బండ ఉంది. తెచ్చినవాళ్లు సరుకులు ఆ బండ మీద పెట్టి వెనక్కి జరగాలి. పక్కన సిమెంటు గోలెం, దాని నిండా నీళ్లు, అందులో మోర్తాడ్ పసుపు. ముందు ఎండ, తర్వాత సబ్బు, ఆ తర్వాత పసుపు నీళ్లు, మళ్లీ ఎండ. కూరగాయలకు సబ్బు పెట్టొద్దని, మంచినీళ్లతో కడిగితే చాలని, చేతులు మాత్రం సబ్బుతో కడుక్కోమని మా డాక్టరమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ మాట అవ్వ బుద్ధిగా విన్నది. విని, పసుపును మాత్రం కొసరుగా ఉంచింది. "డాక్టరమ్మ వద్దన్నదా? అనలే గద. ఇగ నువ్వూకో."

సబ్బుబిళ్ల వస్తే దాన్ని కూడా సబ్బుతో కడిగింది.

"అవ్వా, అదే సబ్బు గద?"

"అది సబ్బే. పట్టుకొచ్చినోడు సబ్బు గాదు గద."

బెల్లం వచ్చిన రోజు మాత్రం చరిత్రలో నిలిచిపోయింది. కాగితంలో చుట్టిన బెల్లం ముద్ద. కాగితాన్ని నమ్మడానికి లేదని అవ్వ దాన్ని విప్పి పారేసింది. ఇక ముద్దను ఏం చేయాలి? ఆమెకు తెలిసిన న్యాయం ఒక్కటే. పసుపు నీళ్లలో ముంచింది. ఒకసారి ముంచి ఊరుకుంటే దక్కేదేమో, గోలెంలో వదిలేసి వంకాయలు తుడవడానికి పోయింది. తిరిగొచ్చేసరికి గోలెం నిండా పసుపుపచ్చని పానకం. గల్లీలోని చీమలన్నీ ఏ హోం డెలివరీ లేకుండానే వాటంతట అవే వచ్చేశాయి.

నేను పైనుంచి తొంగి చూసి, "ఎవరు గెలిచిండ్రు అవ్వా, పసుపా, తీపా?" అని అడిగాను.

ఆమె చీపురుతో చీమల్ని తోస్తూ తలెత్తింది. "నీళ్లు తగిల్తె పాయె అని నేను ముందుగాల్నే చెప్పిన గద!"

ఓడిపోయిన చోట కూడా గెలిచే మనిషి.

మెట్లెక్కడం, దిగడం నాకు వద్దని ఆమె ఒక వెదురు గంప తెచ్చింది. మోర్తాడ్‌లో పసుపు కొమ్ములు మోసిన గంప. దాని అల్లికలో పసుపు ఎంతగా ఇంకిపోయిందంటే, ఎంత కడిగినా పచ్చగానే ఉండేది. దానికి తాడు కట్టి, తాడు కొసను మా వరండా కమ్మీకి ముడేయించింది. కడిగి ఆరబెట్టినవి కింద ఆమె గంపలో పెట్టి, తాడును రెండుసార్లు లాగి, "గుంజు!" అని కేకేసేది. పైన నేనో, మా ఆయనో లాగేవాళ్లం. ఆ కేక గల్లీ అంతా వినిపించేది. కూరగాయల బండి తోసుకొచ్చే మరాఠీ ఆమె మొదటిరోజు ఆ కేకకు అదిరిపడి, "హళూ ఆజీ, హళూ!" అని బతిమాలింది. మెల్లగా అవ్వా అని ఆమె గోడు. అవ్వకు మెల్లగా అనే మాట ఏ భాషలోనూ అర్థం కాదు.

ఇంత కట్టడి పెట్టినా ఆమె గేటు ముందు ఎవరూ చిన్నబోలేదు. ఆ రోజుల్లో సరుకులు తెచ్చేవాళ్లను చూసి జనం మొహం తిప్పుకుని తలుపులు వేసుకునేవాళ్లు. అవ్వ దూరంగానే నిలబడేది కానీ, మొహం వాళ్ల వైపే ఉండేది. బండ మీద చల్ల పోసిన సీసా పెట్టి, "తీస్కపో బిడ్డా, సీసా మల్ల తేకు" అనేది. ఒకతను మొహమాటపడి, "నన్ను జూసి భయమైతలేదా అవ్వా?" అని అడిగాడు.

"నాకు అంటుతదని గాదు బిడ్డా, నీకు అంటొద్దని ఈడ నిలవడ్డ. ఇంటికాడ నీ పిల్లలుంటరు గద. పైలం."

పైలం అంటే మా దగ్గర జాగ్రత్త. ఆమె నోట అది వీడ్కోలు, దీవెన, తిట్టు కూడా. అప్పుడప్పుడు పిల్లిని కూడా పైలం అనే పంపేది.

ఒక మధ్యాహ్నం మున్సిపాలిటీ ఆటో మైకు పెట్టుకుని వచ్చింది. "అందరూ దూరం పాటించండి, దూరంగా కూర్చోండి" అని ఒకటే అరుపు. దూరం కూర్చోవడమంటే మా పల్లెల్లో ఆడవాళ్లు నెలనెలా మూడు రోజులు పక్కన కూర్చోవడం. మైకు పోయాక అవ్వ గల్లీకంతా వినపడేలా అన్నది.

"ఏందే, దేశం దేశమంత దూరం కూసున్నదా? మాకు మూడొద్దులకు తీరిపోయేది. వీళ్లది ఎన్నడు తీరుతదో!"

ఒక్కో వరండా మీంచి ఒక్కో నవ్వు లేచింది. మొగవాళ్లు అర్థం కానట్టు మొహం పెట్టి లోపలికి పోయారు. ఆ సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి రాగానే అవ్వ గేటు దగ్గరే పరామర్శించింది. "ఏం కొడుకా, నువ్వు గూడ దూరమున్నవా? కడుపునొస్తున్నదా?" పాపం, అతను నల్లా కిందికి దూరిపోయాడు.

ఇలా నవ్వుతూనే ఏడో నెల వచ్చింది. ఏడో నెలలో తల్లిగారు వచ్చి బిడ్డకు ఒడి నింపాలి. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, రవిక గుడ్డ ఒళ్లో పోసి దీవించాలి. నాకు ఆచారాల పట్టింపు ఎక్కువ లేదు. కానీ ఆసారి కావాలనిపించింది. మొదటిసారి ఏడో నెల దాకా రాలేదు. ఈసారి వచ్చింది. వచ్చిందని ఎవరో ఒకరు నా ఒళ్లో బియ్యం పోసి చెప్పాలి. అది జరగకపోతే ఏదో అయిపోతుందని రాత్రింబవళ్లు లోపల ఒకటే గుబులు. అమ్మ రావడానికి లేదు. మా ఊరి దారికి అడ్డంగా ముళ్లకంప వేశారు. చివరికి నిజామాబాద్ వచ్చే పాల బండిలో అమ్మ మూట పంపింది.

మూట బండ మీద దిగింది. మేం పైనుంచి చూస్తున్నాం. అవ్వ ముక్కుకు గుడ్డ కట్టుకుని, ముడి విప్పింది. పైన పోలెల డబ్బా. బొబ్బట్లను మేం పోలెలు అంటాం. ఆమె చట్టంలో వండిన తిండి ఏదీ గడప దాటకూడదు.

"బయటి తిండి" అన్నది.

"బయటిది గాదు అవ్వా, మా అవ్వ చేసింది" అన్నాను.

ఆమె నా మొహం చూసింది. డబ్బా వైపు చూసింది. వాకిట్లో కట్టెల పొయ్యి వెలిగించి, పెనం పెట్టి, పోలెలను ఒక్కొక్కటే కాల్చడం మొదలుపెట్టింది. అటు తిప్పి, ఇటు తిప్పి, అమ్మ చేసిన మెత్తటి పోలెలు అప్పడాలై విరిగేదాకా. "అగ్గికి అంటు లేదే" అన్నది. గంపలో పైకి వచ్చిన వాటిని కొరికితే కరకరమని చప్పుడు. నిజం చెప్పొద్దూ, బ్రహ్మాండంగా ఉన్నాయి. ఇప్పుడు మా ఇంట్లో పోలెలు అలాగే కాలుస్తాం. మా అమ్మ కూడా అలాగే కాలుస్తుంది, పైగా తనే కనిపెట్టానని చెబుతుంది.

తర్వాత ఒడిబియ్యం బయటికొచ్చాయి. అవ్వ గోలెం వైపు ఒక అడుగు వేసి ఆగింది. బియ్యం పచ్చగా ఉన్నాయి.

"ఇవి ముందే పసుపు పెట్టుకొని వచ్చినయి. ఇగ నేనేం జేస్త?" అని నవ్వి, చాప పరిచి ఎండలో పోసింది.

రెండు మూడు ఎండలయ్యాక అసలు చిక్కు వచ్చింది. ఒడి నింపేది ఎవరు? ముత్తైదువ నింపాలి. గల్లీలో ఎవరింటికీ ఎవరూ పోవడం లేదు. పిలవడం కూడా తప్పే. అమ్మ ఫోన్ తెరమీద కూర్చుని ఏడుస్తోంది. నేను కింది అవ్వతో అన్నాను, "నువ్వే నింపవ్వా."

ఆమె ఒక్కసారిగా రెండు చేతులూ కొంగులోకి దాచుకుంది. "వద్దు బిడ్డా. నా చెయ్యి వద్దు. ఒకసారి దెబ్బతిన్నవు, మల్ల నా చెయ్యి వడి..." అని ఆగిపోయింది. భర్త పోయి చాలా ఏళ్లయింది ఆమెకు. ఇన్ని నెలలు మా ఇంటి గింజ గింజనూ కడిగిన ఆ చేతులు నాకు పనికిరావని ఆమె అనుకోవడం నాకు భరించరానంత బాధ కలిగించింది. అమ్మ కూడా ఫోన్‌లో నువ్వే నింపమని అవ్వతో అనలేదు. ఆమె భయం ఆమెది.

కాసేపటికి అవ్వ చూపు గంప మీద పడింది. మొహం మళ్లీ వెలిగింది.

"నేను ఎందుకు నింపుడు? గంప లేదా?"

"గంపేంది అవ్వా?"

"గంప నింపుతది. గంపకేమన్న మొగడు సచ్చిండా?"

ఫోన్‌లో అమ్మ ఏడుపు మధ్యలోనే నవ్వేసింది. నన్ను వరండాలో పీట మీద కూర్చోబెట్టారు. కింద అవ్వ చేతులు సబ్బుతో కడుక్కుని, దోసిలి నిండా బియ్యం తీసి గంపలో పోసి, కుడుక పెట్టి, తాడు రెండుసార్లు లాగింది. "గుంజు!" మా ఆయన లాగాడు. గంప పైకి వచ్చి, అతని చేతుల్లో ఒరిగి, నా ఒళ్లో బియ్యం కుమ్మరించింది. ఒడికి ఐదు దోసిళ్లు కావాలి. ఐదుసార్లూ గంప దిగింది, ఎక్కింది. ఐదుసార్లూ గల్లీ అదిరేలా "గుంజు!" వినిపించింది. మూడోసారికి ఎదురు వరండాల్లోని ఆడవాళ్లు కూడా "గుంజు!" అని గొంతు కలిపారు. చివరిసారి కేక కొంచెం బొంగురుగా వచ్చింది. కమ్మీ లోంచి కిందికి చూశాను. అవ్వ రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉంది. గంప కోసమో, దీవెన కోసమో నేను అడగలేదు. నా లోపలి గుబులు ఆ గింజల బరువు కింద అణిగిపోయింది.

ఒడిబియ్యం వండి నలుగురికీ పెట్టాలి. నేను పచ్చటి అన్నం వండి మొదటి గిన్నె గంపలో దించాను. అవ్వ వెంటనే ముద్ద కలుపుకుంది.

"ఏందవ్వా, వండిన తిండి తినవచ్చునా? బయటి తిండి గద?"

ఆమె నోట్లో ముద్దతోనే చూపుడువేలు మా వరండా వైపు ఎత్తింది. "ఇది బయటిది గాదు. పైది."

వానాకాలంలో నేను దవాఖాన నుంచి బిడ్డను ఎత్తుకుని వచ్చాను. ఆటో దిగేసరికి గేటు దగ్గర అవ్వ, పక్కన గోలెం. మా ఆయన బిడ్డకు అడ్డంగా నిలబడ్డాడు. "అవ్వా, దీన్ని గూడ కడుగుతవా?"

"పిచ్చోడా, ఇది సీలుతోని వచ్చింది" అన్నది అవ్వ, అంత దూరం నుంచే మెడ చాపి బట్టలో మొహాన్ని చూస్తూ. "గిదే డెలివరీ అంటె. ఇప్పుడు చెప్పు నీ కిరాణోనికి."

ఎంత ముద్దొచ్చినా కొన్ని వారాలు ఆమె బిడ్డను ముట్టుకోలేదు. వాకిట్లో నిలబడి, వరండాలోని పాపతో గంటల తరబడి కబుర్లు చెప్పేది. పైలం అన్నది ఊరికే నోటి మాట కాదు ఆమెకు.

భయం పోయాక, సరుకుల మీంచి అంటుకున్నది తక్కువే, మనుషుల ఊపిరిలోంచే ఎక్కువని డాక్టర్లు చెప్పారు. నేనది అవ్వకు చదివి వినిపించాను. "అయితే నేను కడిగిందంత దండుగనా?" అని కాసేపు చిన్నబుచ్చుకుని, అంతలోనే తేరుకుంది. "దండుగేం లేదు. నువ్వు నవ్వినవు. నవ్వితే కడుపు నిలుస్తది."

గోలెం ఎండిపోయింది కానీ గంప మాత్రం ఉండిపోయింది. పాపకు నడక వచ్చాక తాడు లాగడం దాని పని అయింది. కూర గిన్నె కిందికి పోతే, గుప్పెడు పల్లీలో, జామకాయో, పసుపు కొమ్మో పైకి వచ్చేది. "గుంజు" అన్న మాట అది అవ్వ, నాన్న అన్న మాటలతో పాటే నేర్చుకుంది.

ఫోన్ వచ్చిన రోజే పాపను ఎదురింట్లో వదిలి మేం మోర్తాడ్ వెళ్లాం. కళ్లాల్లో ఇంకా ఆవిరి లేస్తోంది, ఊరంతా పసుపు వాసన. అవ్వను వాకిట్లో పడుకోబెట్టారు. ఎన్నిసార్లు నీళ్లు పోసినా చేతులు మణికట్టు దాకా పచ్చగానే ఉన్నాయట. ఆమె కూతురు అదే చెప్పుకుని ఏడుస్తోంది. నేను ఆ చేతులు పట్టుకున్నాను. నా ఒడి నింపింది ఈ చేతులే, గంప కాదు. ఆ మాట ఆమె ఉండగా ఎన్నోసార్లు చెప్పాను. ప్రతిసారీ ఆమె గంప మీదికే తోసేది. ఈసారి మాత్రం ఎదురు చెప్పలేదు.

ఇంటికొచ్చాక పాపకు ఎలా చెప్పాలో తెలియలేదు. ఈ ఏడే బడికి పోతోంది. మా ఆయన ఒళ్లో కూర్చోబెట్టుకుని, "కింది అవ్వ పైకి పోయింది బిడ్డా" అన్నాడు.

అది తలెత్తి ఇంటి కప్పు వైపు చూసింది. "మనకంటే పైకా?"

"మనకంటే పైకే."

"అయితే ఇప్పుడు మనమే కింద ఉన్నమా?"

అది లేచి వరండాలోకి పోయింది. కాసేపటికి చూస్తే కమ్మీకి గంప లేదు. వెతుక్కుంటూ డాబా మీదికి పోయాను. నీళ్ల ట్యాంకు పక్కన గంప నేల మీద ఉంది. అందులో విరిగిన పోలె ముక్క, కాసింత చక్కెర పొట్లం. తాడు కొసను రెండు చేతులతో పట్టుకుని, దాన్ని రెండుసార్లు లాగి, నా బిడ్డ మెడ వెనక్కి వంచి ఆకాశంలోకి గల్లీ అదిరేలా అరిచింది.

"గుంజు!"